నీరు పల్లమెరుగు: హాలెండూ, మన కొల్లేరూ

రాయదుర్గంలోని ‘రాయ’ శబ్దం రాజుకు సంబంధించినదా, రాతికి సంబంధించినదా అని పండితులు వాదించుకోవచ్చు గాని, ఇక్కడ కాపురముండేవారికి ఆ సందేహం రాదు. ఎటు చూసినా బండలే. ఇన్నేళ్ళుగా మందుపెట్టి పగలగొడుతున్నా అద్దాల మేడల సందుల్లోంచి ఇంకా తలెత్తి చూస్తున్నవి. వాటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. సముద్రమట్టానికి దాదాపు 1,800 అడుగుల ఎత్తున ఉన్నాం గనుక సముద్రంతో మాకు పేచీ లేదు. అటువంటి చోట ఈమధ్య సముద్రానికన్నా పల్లంలో ఉన్న ఒక దేశాన్ని గురించి తరచు మాటలు వినవస్తున్నవి. కారణం మరేమీ కాదు. ఇక్కడి కంపెనీల్లో పనిచేసే అబ్బాయిలూ అమ్మాయిలూ ఆమ్‌స్టర్‌డామ్‌కో, ఐండ్‌హోవెన్‌కో ఉద్యోగాలమీద వెళ్తున్నారు. వాళ్ళ తల్లులు అడుగుతున్నారు: “సార్, ఆ దేశం సముద్రం కిందనే ఉంటుందటగా? కట్ట తెగితే మా పిల్లల గతేమిటి?”

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి పట్టుకుని భూగోళం అడగడమేమిటని విసుక్కోవచ్చు. కాని ఆ ప్రశ్నలో ఒక తమాషా ఉన్నది. అడిగేవారిలో చాలామంది కైకలూరువారో, భీమవరంవారో, అమలాపురంవారో. వారి సొంత పొలాలు ఎంత ఎత్తున ఉన్నవని తిరిగి అడిగితే చెప్పలేరు. కొల్లేటి చుట్టుపక్కల నేల చాలాచోట్ల సముద్రమట్టానికి అయిదు అడుగులు, పది అడుగులు ఎత్తున మాత్రమే ఉన్నది. ఐండ్‌హోవెన్ అయితే హాలెండులో మెరకవైపు ఊరు. సముద్రానికి యాభై అడుగుల పైనే ఉన్నది. భయపడవలసి వస్తే ఎవరిని చూసి ఎవరు భయపడాలో ఇక మీరే చెప్పండి.

ముందు ఆ దేశం సంగతి చూద్దాం. మనం హాలెండు అంటాం గాని దాని అసలు పేరు నెదర్లాండ్స్. అంటే పల్లపు నేలలు అని అర్థం. హాలెండు అనేది అందులో రెండు రాష్ట్రాల పేరు మాత్రమే. దేశం మొత్తం వైశాల్యం, నీళ్ళతో కలిపి, సుమారు 41,500 చదరపు కిలోమీటర్లు. మన పాత పశ్చిమగోదావరి జిల్లాలు అయిదింటికన్నా కాస్త ఎక్కువ. అందులో ఒక కోటీ ఎనభై లక్షలమంది సర్దుకుని ఉంటున్నారు. నేలలో పాతిక వంతు పైచిలుకు సముద్రమట్టానికి దిగువన ఉన్నది. అన్నిటికన్నా లోతైన చోటు రాటర్‌డామ్ దగ్గర 6.76 మీటర్ల పల్లంలో ఉన్నది. రెండంతస్తుల మేడ నిలబెడితే పైకప్పు సముద్రంతో సమానంగా ఉంటుందన్నమాట. యూరపులోని ఆ దేశభాగంలో అతి పెద్ద కొండ ఎత్తు 322 మీటర్లు. అంటే ఆ కొండ శిఖరం మీద నిలుచున్నవాడు కూడా మన రాయదుర్గం బస్సుస్టాపు కన్నా రెండువందల మీటర్లకు పైగా కిందే ఉంటాడు.

ఇక అక్కడి వాతావరణం. “ఎప్పుడూ వానేనట” అని బెదరగొట్టేవారున్నారు. లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అక్కడ ఏడాదికి పడే వాన సుమారు 850 మిల్లీమీటర్లు. మన హైదరాబాదులో పడేదీ ఇంచుమించు అంతే! తేడా అల్లా పడే తీరులో ఉన్నది. మనకు ఆ వానలో ముప్పాతిక భాగం జూన్ నుంచి సెప్టెంబరులోపు దబదబా కురిసి వెళ్ళిపోతుంది; మిగతా నెలలు ఎండ తాగేస్తుంది. వారికి పన్నెండు నెలలూ కొద్దికొద్దిగా, తుంపర తుంపరగా పడుతూనే ఉంటుంది. గొడుగు విప్పేలోపు ఆగుతుంది, మడిచేలోపు మొదలవుతుంది. పైగా నైరుతి నుంచి సముద్రపు గాలి అడ్డూ ఆపూ లేకుండా వీస్తుంది. అడ్డగించడానికి కొండ ఏదీ? గొడుగులు వెనక్కు తిరిగిపోతవి గనుక తెలిసినవారు వానకోటు కొనుక్కుంటారు. వెళ్ళే పిల్లల పెట్టెలో పెట్టవలసినది అదే.

ఆమ్‌స్టర్‌డామ్ భూమధ్యరేఖకు 52 డిగ్రీల ఉత్తరాన ఉన్నది. అదే వరుసలో కెనడా తూర్పుతీరం చలికాలమంతా మంచులో బిగుసుకుపోతుంది. అయినా హాలెండులో జనవరి సగటు మూడు నాలుగు డిగ్రీలు తగ్గదు. అట్లాంటిక్ మహాసముద్రపు వెచ్చని నీటి మీదుగా వచ్చే గాలి చేసే ఉపకారమది. వేసవి సగటు పద్ధెనిమిది డిగ్రీలు. జూన్‌లో రాత్రి పది గంటలకు కూడా వెలుతురుంటుంది. డిసెంబరులో పగలు ఎనిమిది గంటలకు మించదు. కొత్తగా వెళ్ళిన మన పిల్లల్ని కుంగదీసేది చలికన్నా ఈ చీకటేనని తిరిగివచ్చినవారు చెబుతారు.

ఈ మర్యాద వాతావరణం కూడా ఇప్పుడు మారుతున్నది. ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో కాలవలు గడ్డకట్టిన ఏడాది పదకొండు ఊళ్ళను చుట్టి రెండువందల కిలోమీటర్లు మంచుమీద జారుతూ పోయే పందెం ఒకటుంది. 1909లో మొదలైన ఆ పందెం చివరిసారిగా జరిగింది 1997 జనవరి 4న. ఆ తర్వాత కాలవల మీద మంచు అంత దళసరిగా పేరుకోలేదు. 2019 జూలై 25న అక్కడ 40.7 డిగ్రీల ఎండ కాసింది. మనకది మే నెలలో మామూలు రోజు. వాళ్ళ ఇళ్ళు వేడిని లోపల దాచిపెట్టడానికి కట్టినవి, బయటికి పంపడానికి కాదు.

ఇంత పల్లంలో మనుషులు ఎలా చేరారు? మొదట్లో వారు సముద్రాన్ని ఆపలేదు, తామే ఎత్తెక్కారు. ఉప్పు పర్రల మీద మట్టీ పేడా పోగుచేసి దిబ్బలు పెంచి, వాటిమీద ఇళ్ళు కట్టుకున్నారు. రెండువేల ఏళ్ళ కిందట ప్లినీ అనే రోమను రచయిత ఉత్తర సముద్రపు ఒడ్డున ఇటువంటి దిబ్బల మనుషుల్ని గురించి రాసి జాలిపడ్డాడు. తర్వాత గట్లు వచ్చినవి. గట్టు వచ్చిందంటే ఊరి ఐకమత్యం రావలసిందే, ఎందుకంటే గట్టుకు ఒక్కచోట గండి పడితే అందరి పొలమూ మునుగుతుంది. వారి పాతకాలపు కట్టడి ఒకటి కఠినమైనది: తన వంతు గట్టు బాగుచేసుకోలేని రైతు పారను గట్టులో గుచ్చి, భూమి వదులుకుని వెళ్ళిపోవాలి. ఆ పారను పీకినవాడిదే ఆ భూమి, ఆ గట్టు బరువూ వాడిదే. మనకూ చెరువు కట్టల విషయంలో కుడిమరామత్తు అనే పద్ధతి ఉండేది. తెలంగాణా పల్లెల్లో తూము కాచే నీరటివాడు ఉండేవాడు. మన పద్ధతి చెరువుతోపాటు పూడిపోయింది. వారిది నిలిచింది. పదమూడవ శతాబ్దంలోనే ఏర్పడిన నీటి సంఘాలు నేటికీ ఉన్నవి. ప్రస్తుతం 21 సంఘాలు దేశమంతా పంచుకున్నవి. వాటికి విడిగా ఎన్నికలు, విడిగా పన్ను. ప్రభుత్వాలు మారవచ్చు, నీటిపన్ను మాత్రం మారదు.

గట్టు వెయ్యడంతో పని తీరదు. లోపల పడిన వాన, ఊరిన ఊట బయటికి పోవాలి గదా! నీరు పల్లమెరుగునంటారు, ఆ పల్లమే తానైన నేలకు నీరు ఎటు పోతుంది? ఎత్తిపోయాలి. మన ఏతం చేసే పనే వారు గాలిమరకు అప్పగించారు. బొమ్మల్లో చూసి ముచ్చటపడే ఆ మరలు చాలావరకు పిండి ఆడించేవి కావు, నీళ్ళు తోడేవి. ఒక్కొక్క మర నీటిని అయిదడుగుల దాకా ఎత్తగలదు. లోతు ఎక్కువైతే వరుసగా మూడు నాలుగు మరలు, ఒకటి తోడింది మరొకటి అందుకుంటుంది. 1612 నాటికి బేమ్‌స్టర్ అనే సరస్సును నలభైకి పైగా గాలిమరలతో తోడి ఎండగట్టి పొలాలు చేశారు. ఆ పనిలో ముఖ్యుడైన మరల మేస్త్రీ ఇంటిపేరు లీగ్‌వాటర్, అంటే ‘ఖాళీ నీరు’.

తర్వాత ఆవిరియంత్రం వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న హార్లెమ్ సరస్సు గాలివానల్లో ఒడ్డును కొరుక్కుతింటూ పట్నం వాకిలిదాకా వచ్చేది. మూడు పెద్ద ఆవిరి పంపులు పెట్టి మూడేళ్ళపాటు తోడి 1852లో దాన్ని పూర్తిగా ఎండగట్టారు. నేటి స్కిపోల్ విమానాశ్రయం ఆ సరస్సు అడుగునే ఉన్నది. మన పిల్లలు విమానం దిగేది సముద్రమట్టానికి మూడు మీటర్లకు పైగా దిగువన. సరిగ్గా ఆ 1852 నాటికే ఇక్కడ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఒకే కాలంలో అక్కడ నేలమీది నీటిని బయటికి తోడుతుంటే, ఇక్కడ కాటన్ దొర నీటిని నేలమీదికి మళ్ళించాడు. కాలవలు వచ్చాయి, వరి వచ్చింది, డెల్టా అన్నపూర్ణ అయింది. వచ్చిన నీరు తిరిగి పోవడానికి కూడా అంతే దారి కావాలన్న సంగతి మాత్రం మనకు ఆలస్యంగా తెలిసింది.

హాలెండువారికి మన తీరం కొత్త కాదు. పదిహేడవ శతాబ్దం మొదట్లోనే వారి వర్తకులు మచిలీపట్నంలో కొట్టు పెట్టారు. అద్దకపు బట్టలు కొన్నారు. భీమునిపట్నంలో వారి సమాధులు ఇంకా ఉన్నవి. మనవాళ్ళు వారిని వలందులు అన్నారు. మచిలీపట్నంలో వలందపాలెం, నరసాపురంలో వలంధర రేవు ఆ పేరుతోనే వచ్చినవంటారు. 1825లో మిగిలిన రేవులనూ ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్ళిపోయారు. ఒక డెల్టా నుంచి బయల్దేరి మరొక డెల్టాకు వచ్చినవారు వారు. బురద, పాయలు, ఇసుక మేటలు, ఆటుపోట్లు వారికి పుట్టింటి సామానే.

ఉప్పెన కూడా రెండుచోట్లా ఒకే తీరున పుడుతుంది. లోతు తక్కువ సముద్రం, ఒకవైపు నుంచి తోసే గాలి, దానికి తోడు పోటు సమయం. 1864 నవంబరు 1న మచిలీపట్నం మీదికి లేచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. 1953 జనవరి 31 రాత్రి వాయవ్యపు గాలి ఉత్తర సముద్రాన్ని హాలెండు మూలకు తోసింది. శనివారం రాత్రి, రేడియో స్టేషను మూసేశారు, జనం నిద్రలో ఉన్నారు. తెల్లవారేసరికి గట్లు వందచోట్ల తెగినవి. 1,836 మంది మరణించారు. మన దివిసీమ మీదికి 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన కొన్నిచోట్ల అయిదు మీటర్ల ఎత్తున లేచింది. మృతులు అధికార లెక్కలోనే పదివేలు.

అక్కడ పద్దెనిమిది వందలమంది పోతే నలభై ఏళ్ళు పనిచేసి, నదుల మొగలకు అడ్డంగా ఆనకట్టలు, తలుపులు కట్టి 1997లో ముగించారు. ఇక్కడ పదివేలమంది పోయిన తర్వాత తుఫాను షెల్టర్లు కట్టాం, హెచ్చరికలు మెరుగైనవి, ప్రాణాలు దక్కుతున్నవి. అది చిన్న విషయం కాదు. కాని పొలాల సంగతి, ఇళ్ళ సంగతి అంతంతమాత్రమే. డబ్బు తేడా అని సరిపెట్టుకోవచ్చు. నాకు తోచినంతవరకు కొల్లేటి కథ చూస్తే అది డబ్బు తేడా ఒక్కటే కాదని తెలుస్తుంది.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న పల్లం. రెండు నదులూ చెరొక వైపు మట్టి పోసి సముద్రాన్ని ముందుకు తోస్తూ పోగా మధ్యలో మిగిలిపోయిన గొయ్యి అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వగైరా ఏళ్ళన్నీ మెట్టప్రాంతపు వరదను తెచ్చి దీనిలో పోస్తవి. డెల్టా మురుగు కాలవలు అదనం. నీళ్ళు తెచ్చే దారులు అన్ని. తీసుకుపోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అరవై కిలోమీటర్లకు పైగా వంకరలు తిరుగుతూ సముద్రానికి పోతుంది. వాలు అతి స్వల్పం. పోటువేళ సముద్రపు నీరే వెనక్కు వస్తుంది. ఇన్ని ఏళ్ళ నీరు ఇంత సన్నటి దారిన, ఇంత నిదానంగా పోవాలంటే ఎక్కడో ఒకచోట కొన్నాళ్ళు ఆగాలి. ఆ ఆగే చోటే కొల్లేరు. వేసవిలో కుంచించుకుపోతుంది, వరద వస్తే పది అడుగుల కాంటూరు దాకా పరుచుకుని 900 చదరపు కిలోమీటర్లు ఆక్రమిస్తుంది. పాతవారికి ఈ కిటుకు తెలుసు. అందుకే లంక ఊళ్ళు మెరకల మీద వెలిసినవి. నీరు దిగిన నేలలో దాళ్వా వరి, నీరున్న నాళ్ళలో చేప. ‘కొల్లేటి చాంతాడు’ అని ఎడతెగని వాటికి సామెత చెప్పుకుంటాం గదా. సరస్సు హద్దు కూడా అటువంటిదే, ఇదుగో ఇక్కడ అని గీత గీయడానికి లేదు.

గీత గీశారు. మొదట 1970లలో పేద మత్స్యకారుల సహకార సంఘాలకని ప్రభుత్వమే చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. తర్వాత లాభం రుచి తెలిసిన పెట్టుబడిదారులు కౌలుకు తీసుకున్నారు. సరస్సు లోపలే గట్టుమీద గట్టు. పైనుంచి చూస్తే అచ్చం హాలెండు పొలాల్లాగే నలుచదరపు గళ్ళు! చూపుకు మాత్రమే. హాలెండువాడి గట్టు బయటి నీటిని ఆపడానికి. దాని వెనుక నీటికి వేరే దారి ముందే ఏర్పాటై ఉంటుంది. కొల్లేటి గట్టు, నీరు ఆగవలసిన చోటునే ఆక్రమించింది. ఒక చెరువు గట్టెక్కితే పక్క ఊరు మునుగుతుంది. ఎవరి గట్టు వారిదే. అందరి గట్టు ఎవరిదీ కాదు.

1999లో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు ఒత్తిడిమీద వేల ఎకరాల చెరువుల గట్లు పగలగొట్టారు. గూడబాతులు సంతోషించినవి; ఆటపాకలో నేటికీ వాటిని చూడవచ్చు. కాని గట్లు పోగొట్టుకున్నవారిలో పెట్టుబడిదారులే కాదు, లంకల్లోని చిన్నవాళ్ళూ ఉన్నారు. వారికి బతుకుతెరువు ఏదని అడిగితే సరైన జవాబు దొరకలేదు. తర్వాతి ఏళ్ళలో గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచినవి. చేపల చెరువులన్నీ పాపమని నేను అనను. కైకలూరు, భీమవరాల నుంచి దూరప్రాంతాలకు లారీల కొద్దీ పోయే చేప ఎన్ని ఇళ్ళలో పిల్లల్ని చదివించిందో! రాయదుర్గం మేడల్లో కూర్చున్నవారిలో కొందరి ఫీజులు ఆ చెరువులే కట్టినవి. చిక్కల్లా చెరువు ఎక్కడ ఉన్నదన్నదే.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి, మళ్ళింపు కాలవకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. రోజుల తరబడి నీరు కదలలేదు. బుడమేరు చివరికి చేరవలసినది కొల్లేరే. దారిలో ఇళ్ళు, చివర గట్లు ఉంటే ఏరు ఎటు పోతుంది? సముద్రానికి దూరంగా ఉన్నామని మేమూ మురిసిపోవడానికి లేదు. 2020 అక్టోబరులో హైదరాబాదులో మునిగిన కాలనీల్లో చాలా వాటి కింద ఒకప్పుడు చెరువు శిఖమో, నాలానో ఉన్నది. 1,800 అడుగుల ఎత్తున కూడా పల్లం పల్లమే.

మరి ఆ గట్ల దేశం ఇప్పుడు ఏం చేస్తున్నది? వినడానికి వింతగా ఉంటుంది: గట్లను వెనక్కు జరుపుతున్నది. 1993లోనూ 1995లోనూ రైను, మ్యూజ్ నదులు కరకట్టల అంచుదాకా వచ్చినవి. రెండోసారి సుమారు రెండున్నర లక్షలమందిని ఇళ్ళు ఖాళీ చేయించారు. కట్ట తెగలేదు గాని వారికి బుద్ధి తెలిసింది. కట్ట ఎంత ఎత్తు పెంచితే, తెగిననాడు దాని వెనుక ముప్పు అంత పెరుగుతుంది. అందుచేత ‘నదికి చోటు’ అనే పేరుతో ముప్పైకి పైగా చోట్ల నదిని వెడల్పు చేశారు. నైమేఖన్ పట్నం ఎదుట కరకట్టను 350 మీటర్లు వెనక్కు జరిపి కొత్త పాయ తవ్వారు. యాభై ఇళ్ళు పోయినవి, డబ్బిచ్చి వేరేచోట స్థలం చూపారు. ఓవర్‌డీప్ అనే చోట రైతులు, పోరాడి పోరాడి, తామే ఒక ఉపాయం చెప్పారు: గట్టు తగ్గించండి, వరదొస్తే పొలాలు మునగనివ్వండి, మా ఇళ్ళూ పశువులకొట్టాలూ మట్టిదిబ్బల మీద కట్టించండి అని. ప్లినీ చూసి జాలిపడ్డ దిబ్బలే మళ్ళీ వచ్చినవి. అంతకుముందు 1986లో పూర్తయిన తూర్పు స్కెల్ట్ ఆనకట్ట విషయంలోనూ ఇంతే. మొగను పూర్తిగా మూసేద్దామనుకుంటే ఆలిచిప్పలు ఏరుకునే బెస్తలు అడ్డుపడ్డారు. చివరికి 62 తలుపులు పెట్టి, తుఫానురోజుల్లో మాత్రం మూస్తున్నారు.

వారికి తీరని బాధ ఇంకొకటున్నది. నీరు తోడినకొద్దీ వారి పీట్ నేల, అంటే కుళ్ళిన నాచు, రెల్లు పేరుకున్న మెత్తని నేల, గాలి తగిలి కరిగి కుంగుతుంది. కుంగితే మళ్ళీ ఊట, మళ్ళీ తోడటం. తోడేకొద్దీ పల్లం. మన డెల్టా కుంగుబాటుకు కారణం వేరు. ఏటా గోదావరి, కృష్ణ తెచ్చి పోసే ఒండ్రు వల్లనే ఆ నేల పెరుగుతూ వచ్చింది. ఎగువన ఆనకట్టలు వచ్చాక ఒండ్రు అక్కడే నిలిచిపోతున్నది. నేల పెరగదు, సముద్రం మాత్రం పెరుగుతున్నది. కాకినాడ పక్క ఉప్పాడలో ఇళ్ళూ రోడ్డూ ఏటేటా అలల పాలవుతున్నవి. రాళ్ళు వేశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టాలు పరిచారు. అల ఒకచోట ఆగి పక్కచోట కొరుకుతున్నది.

హాలెండువారి చదువు మన నేలకు అక్కరకు వచ్చిన సందర్భమూ ఉన్నది. 1990లలో బాపట్ల వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఇండో-డచ్ పథకం కింద చవుడు తేలిన పొలాల అడుగున చిల్లుల పైపులు పరిచి చూశారు. వానకూ కాలవనీటికీ కరిగిన ఉప్పు ఆ పైపుల్లోకి దిగి మురుగు కాలవలోకి పోతుంది. నేల మళ్ళీ వరికి పనికివస్తుంది. పద్ధతి బాగానే ఉన్నది. ఆ పైపు చివర మురుగు కాలవ గుర్రపుడెక్కతో నిండిపోకుండా ఉండాలి, అంతే. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వేల ఎకరాలు నాట్లు వెయ్యకుండా పంటవిరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర, కూలి ఖర్చులతోపాటు వారు ఏకరువు పెట్టిన కష్టాల్లో ఇదీ ఒకటి: మురుగు కాలవలు పూడిపోయి, నాటిన వరి నాటినట్టే నీళ్ళలో కుళ్ళుతున్నదని.